మట్టి కప్పక ముందే: రాగి సర్వీస్ లైన్ల శిక్షణ డైరీ

మొదలుపెట్టే ముందు రోజు

తవ్వి బయటికి తీసిన రాగి పైపు ముక్కలు పదకొండు, వారం నుంచి నా బల్ల మీదే ఉన్నాయి. అన్నీ పోయిన విడతలో వేసిన సర్వీస్ లైన్లలోవి, అంటే వీధి మెయిన్ పైపు నుంచి ఇంటి మీటరుకు నీళ్లు తెచ్చే పైపుల్లోవి. వేసిన కొద్ది కాలానికే కారడం మొదలై మళ్లీ తవ్వాల్సి వచ్చింది. ఒక్కోదాన్నీ కడిగి, నిలువునా కోసి, లోపలా బయటా చూశాను. పైపు దానంతట అది పాడైనది ఒక్కటీ లేదు. నాలుగింటిలో ఫ్లేర్ (జాయింటు కోసం గరాటులా విప్పిన పైపు నోరు) అంచు చిట్లింది. రెండింటిలో నట్టు అతిగా బిగించడంతో ఫ్లేర్ పలచనైపోయింది. రెండింటికి కోసినప్పుడు లోపలికి తిరిగిన పదును అంచు తీయనే లేదు. రెండు వంపు దగ్గర నొక్కుకుపోయాయి. ఆఖరిదానికి రాయి ఒరుసుకుని చొట్ట పడింది, ఆ చొట్టలోనే చిల్లు.

రేపు పన్నెండు మంది వస్తున్నారు. నలుగురేసి మూడు బృందాలు. జీఐ (జింకు పూత పూసిన ఇనుము), ప్లాస్టిక్ పైపులు ఏళ్ల తరబడి వేసిన చేతులు వాళ్లవి. పాత సీసం పైపులూ, తుప్పుపట్టిన ఇనుప పైపులూ తీసేసి మెయిన్ నుంచి మీటరు దాకా రాగి వేయడం మా పని. సీసం నీళ్లలో ఎంత తక్కువగా ఉన్నా పిల్లల మెదడుకు చేటే. ఒకసారి వేసిన లైను కోసం మళ్లీ ఎవరూ గునపం పట్టకూడదని నా పట్టుదల.

రెండు వారాల గడువు ఉంది. షెడ్డు వెనక ఇరవై మీటర్ల కాలువ తవ్వించాను. బోర్డు మీద రాసి చెప్పే పాఠాలు సగానికి తగ్గించి, ఆ సమయమంతా హ్యాక్‌సా బ్లేడుకిచ్చాను. ఎందుకో నాలుగో రోజు రాస్తాను.

ఒకటో రోజు

పొద్దున్నే ఒక మాట దగ్గర గందరగోళం. మెయిన్ పైపు మీద బిగించే ట్యాపును ఫెరూల్ అంటారు, కంప్రెషన్ ఫిట్టింగులో పైపును పట్టుకునే ఇత్తడి ఉంగరాన్నీ ఫెరూల్ అనే అంటారు. నేను ఒకటి అడిగితే ఒకతను రెండోది తెచ్చాడు. ఇక్కడైతే నవ్వుకుని ఊరుకోవచ్చు, గోతిలో ఉన్నవాడు పైవాణ్ణి అడిగేటప్పుడు అలా కుదరదు. ఇకనుంచి మొదటిది 'మెయిన్ ట్యాపు', రెండోది 'రింగు' అని అందరం ఒప్పుకున్నాం.

తర్వాత పైపును గుర్తుపట్టడం. కె, ఎల్, ఎమ్ అని మూడు రకాల ముక్కలు చేతికిచ్చాను. మూడూ పేరుకు ముప్పావు అంగుళానివే, మూడింటికీ బయటి కొలత 22.2 మి.మీ. తేడా అంతా గోడ మందంలో ఉంది: కె టైపు 1.65 మి.మీ., ఎల్ 1.14, ఎమ్ 0.81. బయటి కొలత ఒకటే కాబట్టి ఫిట్టింగు మూడింటికీ చక్కగా పడుతుంది. తప్పు పైపు వేసినా చేతికి తెలియదు, అదే ప్రమాదం. భూమిలో వేసే సర్వీస్ లైనుకు మేం వాడేది మెత్తటి కె టైపు చుట్ట ఒక్కటే. గట్టి పైపుల మీద కె అయితే ఆకుపచ్చ, ఎల్ అయితే నీలం, ఎమ్ అయితే ఎరుపు అక్షరాలుంటాయి. మెత్తటి చుట్ట మీద రంగు వెతికితే దొరకదు, లోహంలోకి నొక్కిన అక్షరాన్ని వెతకాలి. అందరిలోకీ చిన్నవాడు కళ్లు మూసుకుని, కోసిన అంచు మీద గోరు పెట్టి కె ఏదో, ఎల్ ఏదో చెప్పేశాడు. మిగతావాళ్లూ వరస కట్టారు.

ఇంకొకటి గట్టిగా చెప్పాను. మిల్లీమీటర్ల ప్రమాణంలో 22 మి.మీ. రాగి పైపు వేరే ఉంది. మన 22.2కీ దానికీ తేడా వెంట్రుకంత. ఆ ఫిట్టింగులు ఒక్కటి కూడా మన పెట్టెలోకి రాకూడదు.

రెండో రోజు

కోత. కట్టర్ చక్రాన్ని పైపుకు ఆనించి, చుట్టూ ఒకసారి తిప్పి, మరను కొద్దిగా బిగించి మళ్లీ తిప్పాలి. జీఐ కోసిన చేతులకు ఇది మరీ నెమ్మది. ఒక్కసారే గట్టిగా బిగించి తిప్పుతున్నారు. దాంతో మెత్తటి రాగి నొక్కుకుపోయి నోరు కోడిగుడ్డు ఆకారానికి వస్తోంది. అలా వచ్చినవాటిని పక్కన పారేయనివ్వలేదు, సైజింగ్ టూల్‌తో మళ్లీ గుండ్రం చేయించాను. ఒకటి గుండ్రం చేయడానికి పట్టే సమయంలో మూడు కోతలు సరిగ్గా కోయొచ్చని వాళ్లే లెక్క కట్టారు.

ఇక రీమింగ్, అంటే కోసిన నోటి లోపలి పదును అంచును గీకి తీసేయడం. దీని మీద గంటన్నర గడిపాను, ఇంకా గడపాల్సింది. కట్టర్ ఎంత మంచిదైనా లోహాన్ని కాస్త లోపలికి నెడుతుంది. ఆ అంచు వేలికి తగులుతుంది కానీ కంటికి పెద్దగా కనబడదు. తీయకుండా వదిలేస్తే నీళ్లు దాని మీదుగా దూకి సుడి తిరుగుతాయి. రాగి లోపల తనకు తానే కట్టుకునే పలచని రక్షణ పొరను ఆ సుడి రోజూ గీకేస్తుంది. నా బల్ల మీది ముక్కల్లో ఒకదాన్ని తెచ్చి చూపించాను. అంచుకు రెండు వేళ్ల దూరంలో వరసగా గుంటలు, గుర్రపు డెక్క ఆకారంలో, మెరుస్తూ. ముక్క చేతులు మారుతూ వెళ్లింది. అందరిలోకీ అనుభవమున్న మేస్త్రీ దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇన్నేళ్లూ ఇది బయట అందం కోసం చేసే పని అనుకున్నాను సార్," అన్నారు.

రీమ్ చేసేటప్పుడు పైపు నోరు కిందికి వంచి పట్టుకోవాలి. రజను లోపలికి పోకుండా నేల మీద పడుతుంది.

మూడో రోజు

ఫ్లేర్. పైపు నోటిని 45 డిగ్రీల కోణంలో గరాటులా విప్పడమే ఫ్లేర్. నట్టు బిగిస్తే ఆ గరాటు ఫిట్టింగు ముక్కు మీద కూర్చుంటుంది. రాగికీ ఇత్తడికీ మధ్య వాషర్ లేదు, గమ్ లేదు. రెండు లోహాలు ఒకదాన్నొకటి అదుముకోవడంతోనే నీళ్లు ఆగుతాయి.

మధ్యాహ్నానికల్లా పన్నెండు మందిలో ఎనిమిది మంది కనీసం ఒక్కసారి చేసిన పొరపాటు: ముందు నట్టు తొడగకుండా ఫ్లేర్ విప్పేయడం. విప్పాక నట్టు ఎక్కదు, కోసి మళ్లీ చేయాల్సిందే. అందుకే కట్టర్ కింద పెట్టగానే నట్టు చేతిలోకి రావాలని వరస పెట్టాను. కోత, రీమింగ్, నట్టు, ఆ తర్వాతే ఫ్లేర్.

సాయంత్రం ఒకతను జేబులోంచి టెఫ్లాన్ టేప్ తీశాడు. ప్లంబరు జేబులో అది లేని రోజుండదు. ఫ్లేర్ నట్టు మరల పని అదమడం వరకే, నీళ్లు ఆగేది కోన్ దగ్గర, అంటే గరాటు ఫిట్టింగు ముక్కు మీద కూర్చునే చోట. మరలకు టేప్ చుడితే నీళ్లాగవు. పైగా బిగింపు ఎంతవరకు వచ్చిందో చేతికి తెలియకుండా పోతుంది. నా మాట మీద నమ్మమనలేదు. చిట్లిన ఫ్లేర్ ఒకటి టేప్ చుట్టి బిగించి పంపు పెట్టించాను, టేప్ పక్కనుంచే సన్నగా చిమ్మింది. ఆ టేప్ చుట్ట ఇప్పుడు షెడ్డు తలుపు మీద మేకుకు వేలాడుతోంది. అతనే తగిలించాడు.

నాలుగో రోజు

ఈ రోజు గురించి వివరంగా రాయాలి. ఒక్కొక్కరు ఆరు ఫ్లేర్ జాయింట్లు చేశారు. అన్నీ బిగించారు, అన్నీ నీటి ఒత్తిడికి నిలబడ్డాయి. అందరి మొహాల్లో తృప్తి. అప్పుడు పక్క బృందంవాళ్లను పిలిచి, ఎదుటివాడి ఆరింటిలో తమకు నచ్చిన మూడు తీసుకుని నిలువునా కోయమన్నాను.

అరగంటసేపు షెడ్డులో బ్లేడ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. కోసిన సగాలను తెల్లగుడ్డ మీద పరిచి, ఎవరివి వాళ్లకు చూపించాం. ఒకటి ఒక పక్క పొడుగు, ఇంకో పక్క పొట్టి, అంటే పైపు వంకరగా కోశారన్నమాట. ఒకదాంట్లో రజను ఇరుక్కుని కోన్ మీద గీత. నాలుగైదింటిలో ఫ్లేర్ మెడ దగ్గర సగానికి సగం పలచన. ఇవన్నీ గంట క్రితం పరీక్షలో నెగ్గినవే. మొదటి రోజు నిలబడే జాయింటు వేరు, ముప్పై ఏళ్లు నిలబడే జాయింటు వేరు. ఆ తేడా గేజీ మీద కనబడదు, కోస్తేనే కనబడుతుంది. శిక్షణంతా దీని చుట్టూ కట్టాలని నేను అనుకున్నది అందుకే.

పలచనకు కారణం బలం. జీఐ పైపు మర ఎంత బిగిస్తే అంత మంచిదని చేతికి అలవాటైపోయింది. ఇక్కడ చేత్తో చివరిదాకా తిప్పి, ఆపైన పానాతో కొంచెమే. అదీ రెండు పానాలతో, ఒకటి నట్టు మీద, ఇంకోటి ఫిట్టింగును కదలకుండా పట్టుకోవడానికి. ఒక్క పానాతో తిప్పితే మెయిన్ ట్యాపే మెలిపడి, అక్కడ ఇంకో లీకేజీ మొదలవుతుంది.

చిట్లిన అంచుల కథ వేరు. రాగిని ఎంత వంచి తీస్తే అంత గట్టిపడుతుంది. చుట్ట చివర నాలుగుసార్లు అటూ ఇటూ వంచి, ఆ చివరకే ఫ్లేర్ వేస్తే చిట్లక ఏం చేస్తుంది. ఎర్రగా కాలిస్తే మళ్లీ మెత్తబడుతుందని చెప్పాను. మేస్త్రీ ఇనుము పని కూడా తెలిసిన మనిషి. "కాల్చి నీళ్లలో ముంచితే ఇంకా గట్టిపడదా సార్?" అని అడిగారు. ఉక్కు విషయంలో ఆయన మాట నిజం. గట్టిపడిన ముక్కను పటకారుతో పట్టుకుని, మసక ఎరుపు తేలేదాకా కాల్చి బకెట్లో ముంచాను. చుయ్ మంది. చల్లారిన ముక్కను ఆయన చేతికిచ్చాను. రెండు బొటనవేళ్లతో వంచారు, తాటాకులా వంగింది. మళ్లీ వంచారు. నాలుగోసారికి చేతికి ఎదురు తిరిగింది. "దీనికి గుర్తుంటుంది," అన్నారాయన, ముక్కను జేబులో వేసుకుంటూ.

అయినా గోతిలో కాల్చడాలు వద్దన్నాను. గట్టిపడిన చివరను కోసి పారేసి, మెత్తటి చోట కొత్తగా ఫ్లేర్ వేయడమే మా పద్ధతి.

ఆరో రోజు

నిన్నంతా ఫ్లేర్లే. ఈ రోజు చుట్ట విప్పడం, వంచడం.

చుట్టను పక్కకు లాగితే స్ప్రింగులా మెలికలు పడుతుంది. చక్రంలా నేల మీద నిలబెట్టి, ఒకరు చివర తొక్కిపట్టి ఉంటే ఇంకొకరు దొర్లించుకుంటూ పోవాలి. ఇది ఒక్కసారి చూపిస్తే చాలు, అందరికీ వచ్చేసింది.

వంపు అంత సులువుగా రాలేదు. బెండర్ ఉంటే ముప్పావు అంగుళం పైపును 3 అంగుళాల వ్యాసార్థం దాకా వంచొచ్చు. చేత్తో అయితే అంతకంటే చాలా విశాలంగా వంచాలి, మోకాలి మీద పెట్టి విరిచినట్టు వంచితే నొక్కుకుపోతుంది. నొక్కుకున్న చోటును సుత్తితో కొట్టి గుండ్రం చేసే అలవాటు ఇద్దరికి ఉంది. కంటికి బాగానే కనబడుతుంది, కానీ అక్కడ రాగి గట్టిపడి బీటకు సిద్ధంగా ఉంటుంది. నొక్కుపడితే ఆ ముక్క కోసేయాల్సిందేనని చెప్పాను. పైపు వృథా అని ఒకతను బాధపడ్డాడు. ఆ బాధ నాకు నచ్చింది. కోసిన ముక్కలను రేపటి ఫ్లేర్ సాధనకు వాడుకోమన్నాను.

ఏడో రోజు

గోతిలోకి దిగడం. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కగోడలకు ఆనింపు లేకుండా ఎవరూ దిగరు, నేను ఎదురుగా ఉన్నా లేకున్నా. ఒక ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నుల పైమాటే. ఛాతీ దాకా పూడుకుపోతే ఊపిరి ఆడదు. దీని మీద చర్చకు తావివ్వలేదు.

తర్వాత పాత పైపును కోసే విషయం. చాలా ఇళ్లలో కరెంటు ఎర్తింగును నీళ్ల పైపుకే కట్టి ఉంటారు. ఆ పైపులో కరెంటు పారుతూ ఉండొచ్చు. కోసిన క్షణంలో ఆ దారి తెగి, ఒక చేత్తో ఒక ముక్కను, ఇంకో చేత్తో రెండో ముక్కను పట్టుకున్న మనిషే మధ్యలో తీగ అవుతాడు. ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని, వాడుకలో ఉన్న ఒక పాత ఇనుప లైను దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పైపు చుట్టూ క్లాంప్ మీటరు (పారే కరెంటును బయటినుంచే కొలిచేది) పెట్టారు. అంకె కదిలింది. ఎవరూ మాట్లాడలేదు. రోజూ చేతులతో పట్టుకునే పైపు అది.

కోయబోయే చోటుకు అటూ ఇటూ మందపాటి కేబులును క్లాంపులతో బిగించి, ఆ తర్వాతే రంపం తీయాలి. కొత్త పైపు కలిసేదాకా కేబులు తీయకూడదు. ఇంటివాళ్ల ఎర్తింగ్ ఆ పాత పైపు మీదే ఆధారపడి ఉంటే, ఎలక్ట్రీషియన్ చూసి సరే అనేవరకు పని ఆగుతుంది.

ఎనిమిదో రోజు

పరుపు, వదులు, పూడ్చడం.

మెయిన్ ట్యాపు నుంచి పైపును బిగుతుగా లాగి తీసుకెళ్లకూడదు. అక్కడే హంస మెడలా ఒక వంపు వదలాలి. మట్టి కుంగినా మెయిన్ కదిలినా ఆ వంపు సర్దుకుంటుంది, జాయింటు మీద లాగుడు పడదు. కాలువ పొడవునా కూడా పైపు తాడు గీసినట్టు కాకుండా పాములా కొద్దిగా అటూ ఇటూ పోవాలి. మా ఇరవై మీటర్ల కాలువలో 20 డిగ్రీలు చల్లబడితే పైపు దాదాపు 7 మి.మీ. పొట్టిదవుతుంది. ఎండలో వేడెక్కిన పైపును తిన్నగా పరిచి రెండు చివర్లూ బిగించేస్తే, రాత్రికి ఆ ఏడు మిల్లీమీటర్లనూ ఫ్లేర్ దగ్గరే వెతుక్కుంటుంది.

కింద ఇసుక, పైన ఇసుక, ఆ తర్వాతే తవ్వి తీసిన మట్టి. రాళ్లు ఏరాలి. బూడిద, బొగ్గు చిట్టెం అసలు పడకూడదు, వాటిలోని గంధకం తడి తగిలితే ఆమ్లమై రాగిని తినేస్తుంది. పక్కన ఇనుప పైపు ఉంటే దాన్ని రాగి తాకకుండా దూరం జరపాలి. ఈ భాగం వాళ్లకు నాకంటే బాగా వచ్చు. పార పట్టిన చేతికి మట్టి సంగతి ఒకరు చెప్పాలా. నేను పక్కకు జరిగి చూశాను.

తొమ్మిదో రోజు

పరీక్షకు మూడు బృందాలూ మూడు లైన్లు సిద్ధం చేశాయి. మామూలు ఒత్తిడి 6 బార్ అనుకుని దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 9 బార్ పెట్టాం. గాలితో కాదు, నీటితోనే. అదిమిన గాలి జాయింటు ఊడితే పేలినట్టే వస్తుంది. నీళ్లయితే చిమ్మి ఆగిపోతాయి.

మేస్త్రీ బృందం లైనులో ముల్లు నెమ్మదిగా దిగింది. మెయిన్ ట్యాపు దగ్గర నట్టు కింద తడి. ఆయన చెయ్యి వెంటనే పానా మీదకు వెళ్లింది. "ఇంకో పావు తిప్పితే ఆగిపోతుంది సార్," అన్నారు. ఆగేదే, ఆ మాట నిజం. నేను ఏమీ అనలేదు. ఆయనే పానా పట్టుకుని ఒక్క క్షణం ఆగారు, తర్వాత నట్టును వెనక్కి తిప్పారు. విప్పి చూస్తే కోన్ మీద ఒక్క ఇసుక రేణువు, దాని కింద గోటితో గీసినంత గీత. "కొయ్యరా," అని చిన్నవాడికి ఇచ్చారు. "బాబాయ్, తుడిచి మళ్లీ బిగిస్తే?" అన్నాడు వాడు. "గీత తుడిస్తే పోతుందా?" అని ఆయనే కట్టర్ తీసుకున్నారు. కొత్త ఫ్లేర్ వేశారు, ఈసారి బిగించే ముందు ఫ్లేర్‌నూ ఫిట్టింగు ముక్కునూ శుభ్రమైన గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూశారు. ముల్లు కదల్లేదు.

గేజీని నమ్మేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. మూసిన లైనులో నీళ్లు ఎండకు వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. సన్నటి లీకేజీ ఉన్నా ముల్లు నిలబడినట్టే కనబడుతుంది. అందుకే జాయింట్లు మాత్రం కనబడేలా వదిలి మిగతా పైపంతా ఇసుకతో కప్పి, పొద్దున్నే పరీక్ష పెడుతున్నాం.

పదకొండో రోజు

మొదటి అసలు లైను. పాత సీసం పైపు తీసి రాగి. పైపు మధ్య దాకా రాగి వేసి, ఇంటి వైపు సీసం అలాగే ఉంచేస్తే పని త్వరగా అయిపోతుందని ఒక సూచన వచ్చింది. ఒప్పుకోలేదు. కోసేటప్పటి అదురుకు సీసం గోడ మీది పొరలు రాలి నీళ్లలో కలుస్తాయి. పైగా సీసం రాగికి కలిసిన చోట సీసమే త్వరగా కరుగుతుంది. సగం మార్చిన ఇంట్లో కొంతకాలం నీళ్లు మునుపటికంటే చెడ్డగా ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో సీసానికి పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు. మార్చితే మీటరు దాకా, ఆ అవతలా సీసం ఉంటే అది కూడా.

కొత్త లైను కలిపాక ఇంట్లో కుళాయిల మూతి జల్లెడలన్నీ విప్పించి, నీళ్లు ధారగా చాలాసేపు వదిలాం. విప్పిన ఒక జల్లెడలో బూడిద రంగు పొడి. ఆ ఇంటి పెద్దావిడకు చూపించాను. కొన్నాళ్లపాటు పొద్దున్నే మొదటి నీళ్లు తాగడానికీ వంటకీ పట్టకుండా కాసేపు వదిలేయమని చెప్పాం. కొత్త రాగి కూడా లోపల పొర కట్టుకునేదాకా నిలవ నీటిలోకి కొంచెం దిగుతుంది. ఆవిడ ఆ జల్లెడను కాగితంలో చుట్టి లోపల పెట్టుకున్నారు.

పన్నెండో రోజు

ఇప్పుడు ప్రతి బృందంలో ఒక నియమం నడుస్తోంది. జాయింటు వేసినవాడు దాన్ని చూసి సరే అనకూడదు, ఇంకొకడు చూడాలి. చూసినవాడి పొడి అక్షరాలతో ఒక చీటీ, జాయింటు కనబడేలా ఒక ఫొటో. ఆ రెండూ లేకుండా మట్టి పడదు. వారానికి ఒకసారి ప్రతి బృందం తాను ఎంచుకున్న ఒక జాయింటును కోసి తెస్తుంది. గోతిలోది కాదు, అదే రోజు అదే చేతులు షెడ్డులో వేసింది.

ఈ రోజు రెండో లైను పూడుస్తుంటే చిన్నవాడు ఒక్కసారిగా చెయ్యెత్తి పారలు ఆపించాడు. వంపు కింద పిడికిలంత రాయి ఉంది, ఇసుకలో సగం మునిగి. ఎవరికీ కనబడలేదు. వాడు కాలువ అంచున బోర్లా పడుకుని, చెయ్యి చాచి రాయి తీసి, ఖాళీ అయిన చోట పిడికిలితో ఇసుక కుదించి లేచాడు. మేస్త్రీ ఆ రాయిని తీసుకొచ్చి నా బల్ల మీద, పదకొండో ముక్క పక్కన పెట్టారు.

సోమవారం రెండో విడత పన్నెండు మంది వస్తారు. ఫ్లేర్ రోజు మేస్త్రీయే చూపిస్తానన్నారు. కట్టర్ చక్రాలు అరిగాయి, మార్చాలి. కాలువలో ఇసుక మళ్లీ నింపాలి. హ్యాక్‌సా బ్లేడ్లు రెండు డజన్లు.